ఆకు మీద నీలి మరక

నా పాత డైరీలో ఒక ద్రాక్షాకు ఉంది. 2013 అక్టోబర్‌లో పెట్టింది. ఎండి పెళుసైపోయింది, అంచులు రాలిపోయాయి. కానీ దాని మీద మరక మాత్రం అలాగే ఉంది. లేత నీలం, మధ్యలో కాస్త తెలుపు, ఆరిపోయిన సున్నపు చుక్కలా. ఇల్లు మారినప్పుడల్లా ఆ డైరీ చేతికి వస్తుంది. ఆ పేజీ తెరిచాక మిగతా సర్దుడు పని ఆ రోజుకు ఆగిపోతుంది.

అప్పుడు నేను స్ట్రాస్‌బర్గ్‌లో మాస్టర్స్ రెండో ఏడు చదువుతున్నాను. విద్యార్థి వీసా మీద ఏడాదికి 964 గంటలు పని చేసుకోవచ్చు. ఆ ఏడు కనీస వేతనం గంటకు 9.43 యూరోలు. క్లాసులో ఒకమ్మాయి, "ద్రాక్ష కోతకు వస్తావా? మా ఊరి పక్కన ఒక కుటుంబం మనుషుల కోసం చూస్తోంది" అంది. కోత అనగానే నాకు డబ్బు గుర్తు రాలేదు. మా నాయిన గుర్తొచ్చాడు. సరే అనేశాను.

స్ట్రాస్‌బర్గ్ నుంచి బార్ దాకా రైలు. అక్కడి నుంచి ద్రాక్ష తోటల మధ్యగా నడిచి వెళ్తే మిట్టెల్‌బెర్గైమ్ వస్తుంది. అల్సాస్ ప్రాంతంలో వోజ్ కొండల పాదాన ఉన్న చిన్న ఊరు. గులాబీ రంగు ఇసుకరాతి చట్రాల కిటికీలు, బండి లోపలికి పోయేంత పెద్ద కమాను గుమ్మాలు. ఇంటి కింద వైన్ గది, ఇంటి మీద కాపురం. కొండలు పడమటి వానల్ని ఆపేస్తాయి కాబట్టి ఫ్రాన్స్‌లో వాన తక్కువ పడే చోట్లలో ఇదొకటి. ద్రాక్షకు అదే వరం.

ఆ ఇంట్లో తాత, అవ్వ, కొడుకు, కోడలు. పదకొండు హెక్టార్ల తోట, మన లెక్కలో ఇరవయ్యేడు ఎకరాలు. తోట తాతది, ట్రాక్టరూ అమ్మకాలూ కొడుకువి, వైన్ మాత్రం పూర్తిగా కోడలి చేతిలోది. మనవలు తాతను "పాపీ" అని పిలిచేవాళ్లు. ఫ్రెంచిలో తాతకు ముద్దుపేరు అది. మన చెవికి ఆ మాట ఎలా వినబడుతుందో తెలుసు కదా, నాకు నోరు రాలేదు. "మా భాషలో తాత అంటాం, అలా పిలవనా?" అని అడిగాను. రెండుసార్లు పలికి చూసుకున్నాడు, "తాతా, తాతా" అని. ఆ రోజు నుంచి నాకు తాతే.

ఆ ఏడు వసంతం చల్లగా పోయి కోత బాగా ఆలస్యమైంది. మొదటిరోజు పొద్దున పొగమంచులో చేతికి ఒక బకెట్టు, ఒక సెకటర్ ఇచ్చారు. కొమ్మలు, గుత్తులు కోసే కత్తెర, మన తోటల్లో సికేచర్ అంటామే, అదే. చిన్నప్పుడు అది తెలుగు మాటే అనుకునేదాన్ని. మేడ్చల్ పక్క పల్లెలో మా కూలీ మనుషులు రోజూ అన్న మాటకు పుట్టిల్లు ఇక్కడ అని ఆ పొద్దున తెలిసింది.

మొదటి గుత్తి కోయబోతూ ఆకు పక్కకు తీశాను. దాని మీద నీలి మరక. వేలితో రుద్దాను. చూపుడువేలికి అంటుకుంది. ఆ పొడి, ఆ రంగు. పక్క సాలులో ఉన్న తాతకు ఆకు చూపించి, "ఇది మైలుతుత్తం, సున్నం" అని నా వచ్చీరాని ఫ్రెంచిలో చెప్పాను. ఆయన కోత ఆపేశాడు. "బుయ్యీ బోర్దలేజ్! నీకెలా తెలుసు?" అన్నాడు.

నాకెలా తెలియదు? నేను పెరిగింది దాని వాసనలోనే.

మాది మేడ్చల్ దగ్గర మూడెకరాల ద్రాక్ష తోట. రాతి కడీలు పాతి, పైన తీగలు అల్లిన పందిరి. అనాబ్‌షాహీ రకం. పొడుగు గింజ, పల్చటి పసుపు, లోపల విత్తు. హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పుడు ఎటు చూసినా ఆ పందిళ్లే ఉండేవి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కూడా పందిరి కింద నేల చల్లగా ఉండేది. మేం అక్కడే చదువుకునేవాళ్లం, అక్కడే నిద్రపోయేవాళ్లం.

అక్టోబర్ కత్తిరింపు అయ్యి కొత్త చిగురు వచ్చాక మందు కొట్టే రోజులు మొదలయ్యేవి. నాయిన రాత్రే మైలుతుత్తాన్ని, అంటే నీలంగా ఉండే రాగి లవణాన్ని, గోనెగుడ్డలో మూటగట్టి ప్లాస్టిక్ డ్రమ్ములో వేలాడదీసేవాడు. తెల్లారేసరికి కరిగి నీళ్లు నెమలిమెడ రంగులో ఉండేవి. ఇంకో డ్రమ్ములో సున్నం తేట. వంద లీటర్లకు కిలో తుత్తం, కిలో సున్నం. రెండూ ఒకేసారి మూడో డ్రమ్ములోకి పోయాలి, ఒకరు కట్టెతో తిప్పుతూ ఉండాలి. ఆ తర్వాత నా పని. ఇనుప కత్తి తీసుకుని ఆ మిశ్రమంలో ఒక నిమిషం ముంచి ఉంచాలి. కత్తి మీద ఎర్రగా రాగి పూత పడితే సున్నం చాలలేదని అర్థం, ఆకు మాడిపోతుంది. ఎలా ముంచిన కత్తి అలాగే వస్తే సరిపోయినట్టు. నాయిన దూరం నుంచి అడిగేవాడు, "కత్తి తెల్లగొచ్చిందా బిడ్డా?" అని. నేను అవునంటేనే పంపులో పోసేవాడు. ఎనిమిదేళ్ల పిల్ల మాట మీద మూడెకరాల తోట నడిచేది. ఆ గర్వం నాకు ఇంకా ఉంది.

ఊళ్లో అందరూ దీన్ని బోర్డో మందు అనేవాళ్లు. తాత అన్న బుయ్యీ బోర్దలేజ్ కూడా ఇదే. బోర్డో అంటే ఫ్రాన్స్‌లో ఒక ఊరని నాయినకు తెలియదు, నాకూ పెద్దయ్యేదాకా తెలియదు. 1880లలో ఆ ఊరి దగ్గర మెడాక్ తోటల్లో, దారిన పోయేవాళ్లు ద్రాక్ష తెంపకుండా బాట పక్క మొక్కల మీద మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవాళ్లట. నీలంగా చూసి విషం అనుకుని ముట్టరని. తోటంతా బూజు తెగులు వచ్చి ఆకు రాలిపోతే, బాట పక్కవి మాత్రం పచ్చగా నిలిచాయి. మిలార్దే అనే వృక్షశాస్త్ర ప్రొఫెసర్ కంట అది పడింది. 1885లో ఆయన ఆ పాళ్లు ప్రకటించాడు. దొంగల భయానికి చల్లింది మేడ్చల్ దాకా వచ్చి మా నాయిన చొక్కాలన్నిటికీ నీలి చుక్కలు పెట్టింది.

ఆ సాయంత్రం ఫోన్ చేశాను. అమ్మకు ద్రాక్ష కోత అని మాత్రమే చెప్పాను, వైన్ మాట ఎత్తలేదు. నాయిన ఫోన్ తీసుకున్నాడు.

"ద్రాక్ష కోసేతందుకు ఫ్రాన్స్ దాక పోయినవా బిడ్డా?"

ఆకు సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆడ గూడ మైలుతుత్తమేనా? సున్నం ఎంత ఏస్తరో అడుగు" అన్నాడు.

మా తోట అప్పటికి పోయి పదేళ్లు. బోర్లు ఒకదాని వెనక ఒకటి ఎండిపోయాయి. ట్యాంకర్లతో నీళ్లు పోసి ఒక పంట నిలబెట్టాడు, రెండోది నిలబడలేదు. 2003లో అమ్మేశాం. ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్లు. కడీలు నాలుగు మాత్రం తెచ్చి ఇంటి ముందు పాతుకున్నాడు నాయిన. వాటి మీద మల్లెతీగ పాకించింది అమ్మ.

కోత పని చెప్పడానికి తేలికగా ఉంటుంది, చేస్తే నడుము పోతుంది. మన పందిరి కింద చేతులెత్తి కోస్తాం, మెడ పడుతుంది. అక్కడ తీగ కంచెలా నిలువుగా ఉంటుంది, గుత్తులు మోకాలి ఎత్తులో. వంగి వంగి కోయాలి. రీస్లింగ్ అనే అక్కడి తెల్ల ద్రాక్ష గుత్తి పిడికిలంత ఉంటుంది, గింజ బఠాణీ అంత. ఫోటో పంపితే నాయిన, "గింత చిన్నగున్నయేంది బిడ్డా, నీళ్లు కడ్తలేరా?" అని బెంగపడ్డాడు. నిజంగానే కట్టరు. గ్రాన్ క్రూ అని, మేలైన తోటలకే ఇచ్చే పేరున్న నేలల్లో హెక్టారుకు 55 హెక్టోలీటర్ల (5,500 లీటర్ల) కంటే ఎక్కువ వైన్ తీయకూడదని కట్టడి. అంటే ఎకరానికి సుమారు మూడు టన్నుల కాయ. మా అనాబ్‌షాహీ పంట బాగున్న ఏడాది ఎకరానికి పది టన్నులు దాటేది. ఎక్కువ కాయడం గొప్ప కాదు, తక్కువ కాసి రుచి నిలవడం గొప్ప అనే లెక్క నాయినకు ఒకపట్టాన మింగుడుపడలేదు. "మరి బతికేదెట్ల?" అన్నాడు. అదీ నిజమే. అందుకే ఆ ఇంట్లో ఎవరూ కాయ అమ్మరు. పండించేది, పిండేది, పులియబెట్టేది, సీసాలో పోసేది, గుమ్మం ముందు నిలబడి అమ్మేది అంతా వాళ్లే.

ఊరి పైన ఉన్న వాలుకు త్సోట్సెన్‌బెర్గ్ అని పేరు. సున్నపురాయి కలిసిన బంక నేల. అక్కడి సిల్వానేర్ అనే ద్రాక్ష అంటే తాతకు ప్రాణం. సిల్వానేర్‌ను అల్సాస్‌లో మిగతా చోట్ల చిన్నచూపు చూస్తారు, రోజువారీ తాగే చవక వైన్‌గా. ఈ ఒక్క వాలులో మాత్రం అది గొప్పగా పండుతుందని ఊరివాళ్లు ఏళ్ల తరబడి వాదించారు. 2005లో దానికి గ్రాన్ క్రూ గౌరవం వచ్చింది. అల్సాస్‌లో ఉన్న 51 గ్రాన్ క్రూ నేలల్లో సిల్వానేర్‌కు ఆ పేరు పెట్టుకునే హక్కు మొదట దొరికింది ఇక్కడే. ఆ సంగతి చెప్పేటప్పుడు తాత టోపీ తీసి చేతిలో పట్టుకునేవాడు.

మధ్యాహ్నం భోజనం తోట ఒడ్డునే, పొడుగు బల్ల మీద. ఒక సోమవారం అవ్వ బెకఓఫ తెచ్చింది. మట్టి గిన్నెలో మాంసం, ఆలుగడ్డలు, ఉల్లిగడ్డలు పొరలుగా పేర్చి, తెల్ల వైన్ పోసి, మూత చుట్టూ గోధుమపిండి ముద్దతో మూసేసి గంటల తరబడి ఉడికిస్తారు. ఆ పిండి పగలగొట్టగానే ఆవిరి లేచింది. మా హైదరాబాద్‌లో దమ్ బిర్యానీకి హండీ మూత ఇలాగే పిండితో మూస్తామని చెప్పాను. అవ్వ నా చెయ్యి పట్టుకుని ఎన్ని గంటలు, ఏ మంట అని అన్నీ అడిగింది. వాళ్ల గిన్నెలో పంది, గొడ్డు మాంసం ఉంటాయి. నేను తిననని మొదటిరోజే ఎవరో చెప్పారట. నాకని చిన్న గిన్నెలో వేరుగా గొర్రె మాంసంతో వండి తెచ్చింది. కూలికి వచ్చిన పిల్ల కోసం. ఆ చిన్న గిన్నెను నేను ఎప్పటికీ మరిచిపోను.

వైన్ గదిలోకి మొదటిసారి దిగినప్పుడు కోడలు ముందు ఒక కొవ్వొత్తి వెలిగించి పట్టుకుంది. ద్రాక్షరసం పులిసేటప్పుడు వచ్చే బొగ్గుపులుసు వాయువు నేలబారున చేరుతుంది. మంట ఆరిపోతే వెంటనే వెనక్కి రావాలి. మా ఊళ్లో పాడుబడ్డ బావిలోకి దిగే ముందు తాడుకు దీపం కట్టి దించేవాళ్లు, అచ్చం అలాగే. లోపల కోడిగుడ్డు ఆకారంలో పెద్ద పెద్ద ఓక్ పీపాలు. ఫూద్ర్ అంటారు. కొన్నిటికి వందేళ్లు దాటాయి. పీపా పొట్టకు చెవి ఆనిస్తే లోపల గుడగుడ, దూరంగా అన్నం ఉడుకుతున్నట్టు. కొన్న ఈస్ట్ వెయ్యరు. కాయ తొక్క మీద, ఆ గది గాలిలో ఉన్నదే పని చేస్తుంది. నాలుగు వారాలు పడుతుందో నాలుగు నెలలు పడుతుందో చెప్పలేం అంది కోడలు. ఆ టెన్షన్‌తోనే ఆమె చలికాలమంతా సరిగ్గా నిద్రపోదు.

పీపా అడుగున చిన్న తలుపు ఉంటుంది. శుభ్రం చేసేటప్పుడు సన్నగా ఉన్నవాళ్లు అందులోంచి లోపలికి దూరాలి. ఒకరోజు ఖాళీ పీపాలోకి నన్ను పంపారు. టార్చి వేసి చూస్తే గోడలంతా మెరుపు. పటికబెల్లం ముక్కల్లా స్ఫటికాలు. ఒకటి గీకి నాలుక మీద పెట్టుకున్నాను. చింతపండు! కళ్లు మూసుకుంటే అచ్చం చింతపండు పులుపు. ద్రాక్షలో ఉండేదీ చింతపండులో ఉండేదీ ఒకే ఆమ్లం, టార్టారిక్ ఆమ్లం. తర్వాత కోడలు చెప్పింది. కానీ ఆ చీకటి పీపాలో, ఇంటికి అన్ని వేల మైళ్ల దూరంలో, నాలుక ముందు గుర్తుపట్టేసింది. చింతపండు చారు గుర్తొచ్చి ఏడుపు వచ్చింది.

నేను అప్పటిదాకా మందు ముట్టలేదు. ఎవరూ బలవంతం చెయ్యలేదు. మొదట పిండగానే వచ్చిన రసం ఇచ్చారు. తర్వాత సగం పులిసిన కొత్త వైన్, మజ్జిగలా తెల్లగా, అక్రోట్లతో పాటు. ఆ తర్వాత ఒకరోజు సిల్వానేర్ ఒక గుక్క. పుల్లగా, వెనక కాస్త వగరు, చివర్లో ఉప్పుకల్లు నాకినట్టు. గెవుర్త్స్‌ట్రామినేర్ అనే ఇంకో రకం అయితే వాసనకే తల తిరిగింది. గులాబీ అత్తరు, లిచీ పండు కలిపినట్టు. మా పెళ్లిళ్లలో పన్నీరు చల్లే వాసన అని చెబితే కోడలు తన నోట్‌బుక్‌లో రాసుకుంది.

వాళ్లు సేంద్రియంలోకి మారింది నేను వెళ్లడానికి పదేళ్ల ముందు. కారణం తాతే చెప్పాడు. ఒక వసంతంలో దున్నుతుంటే నాగలి వెనక పిట్టలు రాలేదట. చిన్నప్పుడు నాగలి వెనక గుంపులుగా వాలేవి. దిగి మట్టి తిరగేస్తే ఒక్క వానపాము లేదు. కలుపు మందులు కొట్టీ కొట్టీ నేల బండగట్టింది. ఆ రాత్రి అన్నం తినలేదన్నాడు. నాకు మా నాయిన గుర్తొచ్చాడు. పురుగుమందు కొట్టిన రోజు ఆయనా అన్నం తినేవాడు కాదు. కళ్లు ఎర్రబడి, చేతులు వణికేవి. ముక్కుకు తువ్వాలు కట్టుకోవడమే ఆయనకు తెలిసిన జాగ్రత్త. ఎవరూ వేరే మాట చెప్పలేదు. మందు అమ్మినవాడు ఇంకొంచెం ఎక్కువ కొట్టమనే చెప్పాడు.

మారడానికి మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లూ ఖర్చు సేంద్రియానిది, ధర మామూలుది. సాళ్ల మధ్య గడ్డి పెరగనిస్తే పక్క తోటవాళ్లు సోమరితనం అన్నారట. బూడిద తెగులుకు గంధకం, బూజు తెగులుకు రాగి, అంతే, మొక్క లోపలికి ఇంకే మందు ఏదీ లేదు. తీపి లేని తెల్ల వైన్‌లో, పాడవకుండా వేసే సల్ఫైట్లు మామూలుగా లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చు, సేంద్రియం అంటే 150 దాటకూడదు. ఇంకో సంగతి. 2012 కోత దాకా యూరప్‌లో సీసా మీద సేంద్రియ వైన్ అని రాసే వీలే లేదు. సేంద్రియ ద్రాక్షతో చేసిన వైన్ అని రాయాలి. నియమాలు తోటకే ఉండేవి, వైన్ గదికి లేవు.

రాగి కూడా ఇష్టం వచ్చినట్టు కొట్టకూడదు. అది నేలలో చేరితే పోదు, వానపాములకు మంచిది కాదు. నేను వెళ్లినప్పుడు హెక్టారుకు ఏడాదికి సగటున ఆరు కిలోలు పరిమితి. 2019 నుంచి అది నాలుగయ్యింది, ఏడేళ్లకు కలిపి 28. ఒక రాత్రి కూర్చుని మా తోట లెక్క వేశాను. ఎకరానికి నాలుగు వందల లీటర్లు కొడితే నాలుగు కిలోల తుత్తం, అందులో నాలుగో వంతు రాగి, అంటే కిలో. హెక్టారుకు రెండున్నర. రెండుసార్లు కొడితే వాళ్ల ఇప్పటి నాలుగు కిలోల ఏడాది కోటా దాటిపోయింది. నాయిన ఎన్నిసార్లు కొట్టేవాడో నాకు తెలుసు. ఆ లెక్క ఆయనకు చెప్పలేదు.

పద్ధతి మంచిదైతే కష్టం తగ్గుతుందనుకోవద్దు. 2021లో వేసవంతా వానలే. రాగి ఆకు పైనే ఉంటుంది, గట్టి వాన పడితే కడుక్కుపోతుంది, మళ్లీ కొట్టాలి. బురదలో ట్రాక్టర్ దిగదు. అల్సాస్ అంతా బూజు తెగులు చెలరేగింది, సేంద్రియం చేసేవాళ్లకు దెబ్బ మరీ గట్టిగా తగిలింది. కోడలు ఫోన్ చేసి సగం పైన పోయిందని చెప్పి, ఇంకేం మాట్లాడలేక పెట్టేసింది. నాయినకు చెప్పాను. "ముసురు పడితె గంతే బిడ్డా" అని, ఆ వారమంతా రోజూ వాళ్ల ఊరి వాన గురించి అడిగేవాడు. మనుషుల్ని చూశాడు కదా మరి.

చూసింది 2019 మేలో. నాకు అక్కడే ఉద్యోగం వచ్చాక నాయిన ఒక్కడే నా దగ్గరికి వచ్చాడు. ఈఫిల్ టవర్ చూద్దామంటే, "ముందు ఆ తోట" అన్నాడు.

తాతకు ఎనభై దాటాయి. చిన్నప్పుడు రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల కింద బడికి వెళ్తే అక్కడ ఫ్రెంచి మాట్లాడనివ్వలేదు, యుద్ధం అయ్యాక ఇంటి భాష అల్సాసియన్ మాట్లాడితే శిక్ష. భాష అంటే ఆయనకు ఎప్పుడూ కాస్త జంకు. నాయినకు తెలుగు తప్ప రాదు. మధ్యలో నేను తర్జుమాకు సిద్ధంగా నిలబడ్డాను. వాళ్లకు నా అవసరం పడలేదు. నాయిన చెప్పులు విడిచి సాలులోకి దిగాడు. ఒక మట్టిపెడ్డ తీసి చితిపి వాసన చూశాడు. దానిలోంచి వానపాము బయటికొస్తే అరచేతిలో పెట్టుకుని తాతకు చూపించాడు. తాత తల ఊపి, వేళ్లతో ఇంకా ఉన్నాయని లెక్క చూపించాడు. నాయిన రెండు చేతులూ పైకెత్తి పందిరి ఎలా ఉంటుందో చూపించాడు. కడీ ఎంత ఎత్తు, తీగ ఎటు పాకుతుంది, గుత్తి ఎంత పొడుగు వేలాడుతుంది. గుత్తి కొలత చూసి తాత నమ్మలేదు. నేను ఫోన్‌లో పాత ఫోటో తీసి చూపిస్తే, చాలాసేపు చూసి నాయిన భుజం మీద చెయ్యి వేశాడు. ఆ తోట ఇప్పుడు లేదని ఆయనకు నేను ఎప్పుడో చెప్పాను.

షెడ్డు దగ్గర కొడుకు మందు కలుపుతున్నాడు. ఇప్పుడంతా సంచిలో తయారుగా వస్తుంది, సున్నం పాళ్లు చూడనక్కర్లేదు. నీళ్లలో వేసి తిప్పడమే. నాయిన బకెట్టు పక్కన ఆగిపోయాడు. ఆ నీలం చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తాత వైపు చెయ్యి చాపి, వేళ్లతో కోస్తున్నట్టు సైగ చేశాడు. తాతకు వెంటనే అర్థమైంది. జేబులోంచి మడత కత్తి తీసి, తెరిచి, పిడి అటు తిప్పి ఇచ్చాడు.

నాయిన వంగి కత్తిని నీళ్లలో ముంచాడు. ఒక నిమిషం. ఎవరం మాట్లాడలేదు. తీసి, తను చూడకుండానే నా వైపు పట్టాడు.

"కత్తి తెల్లగొచ్చిందా బిడ్డా?"

"తెల్లగనే వచ్చింది నాయినా."

తాత కత్తి తీసుకుని తన ప్యాంటుకు తుడిచి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. కొడుకు బకెట్టు ఎత్తి పంపులో పోశాడు.